ఫ్రెంచ్ క్రియల్లో ఆ గీత ఎందుకు వచ్చిపోతుంది?

అష్తే (కొనడం) క్రియలో 'నేను కొంటాను' అన్నప్పుడు మధ్యలోని ఇ (e) అక్షరం మీద గీత పెట్టి, 'మేము కొంటాము' అన్నప్పుడు ఎందుకు తీసేస్తారని అడిగారు. కారణం ఉచ్చారణే.

'నేను' రూపం జాషెత్. చివర రాసే ఇ పలకదు. దాంతో ఊనిక ముందున్న ఇ మీద పడి, అది స్పష్టంగా 'ఎ' అని వినిపిస్తుంది. ఎడమ పైనుంచి కుడి కిందికి వాలే గీత, అంటే ఆక్సాఁ గ్రావ్, చెప్పేది అదే. 'మేము' రూపం నూ జష్తోఁ. ఇక్కడ చివరి 'ఓఁ' పలుకుతుంది, మధ్య ఇ దాదాపు మాయమవుతుంది. ఇక గీతకి పనేముంది? 'మీరు' రూపమూ అంతే. నువ్వు, అతను, వాళ్ళు రూపాలకు మాత్రం గీత తప్పనిసరి.

అసలు టెన్షన్ పెట్టేది అప్లే (పిలవడం). అదే 'ఎ' ధ్వని కోసం ఇందులో గీత పెట్టరు, ఎల్ అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. జతే (విసరడం)లో టి రెట్టింపవుతుంది. 1990 స్పెల్లింగ్ సంస్కరణ ఇలాంటి మిగతా క్రియలకు గీతనే సూచించింది, ఈ రెండింటినీ, వీటి నుంచి పుట్టినవాటినీ మాత్రం పాత పద్ధతిలోనే వదిలేసింది. కాబట్టి వీటిని బట్టీ పట్టేయండి. మిగతావి రాసేముందు పైకి పలికి చూసుకోండి.