వీల్‌చైర్‌లో ఉన్న మా అమ్మాయి పార్టీ కన్వెన్షన్‌కు డెలిగేట్ కాగలదా?

ప్రశ్న: లాయర్ గారూ, మేము పాతికేళ్లుగా డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయికి 22 ఏళ్లు, ఇక్కడే పుట్టింది. పుట్టుకతోనే సెరెబ్రల్ పాల్సీ. ఎలక్ట్రిక్ వీల్‌చైర్ వాడుతుంది, కంటిచూపుతో నడిచే ట్యాబ్లెట్ సాయంతో మాట్లాడుతుంది. రాజకీయాలంటే ప్రాణం. 2028లో అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకునే నేషనల్ కన్వెన్షన్‌కు (పార్టీ జాతీయ మహాసభకు) డెలిగేట్‌గా, అంటే ఓటు వేసే ప్రతినిధిగా వెళ్తానంటోంది. పోయినసారి కౌంటీ కన్వెన్షన్‌కు తీసుకెళ్తే స్టేజీకి మెట్లే తప్ప ర్యాంపు లేదు, కింద నుంచే వెనక్కి వచ్చేశాం. తనకు 18 నిండినప్పుడు ఎవరో చెబితే కోర్టులో గార్డియన్‌షిప్ (తన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం) తీసుకున్నాం. ఎస్ఎస్ఐ (వైకల్యం ఉన్న పేదవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు), మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తున్నాయి. ఖర్చులకు విజయవాడ నుంచి అమ్మమ్మ, తాతయ్య డబ్బు పంపుతామంటున్నారు. హెచ్-1బి మీద ఉన్న మా మరిది కూడా ఇస్తానన్నాడు. నాది గ్రీన్‌కార్డు. తనకు అన్నం తినిపించాలి, బాత్రూమ్‌కు తీసుకెళ్లాలి కాబట్టి నేను పక్కన ఉండక తప్పదు. హాల్లోకి నన్ను రానిస్తారా? అసలు ఇది కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుందమ్మా. వైకల్యం ఉన్నవాళ్లు డెలిగేట్ కాకూడదని ఏ చట్టమూ చెప్పదు. మీ ఉత్తరంలో అందరికంటే ముందు నా కళ్లు ఆగింది మెట్ల దగ్గర కాదు, గార్డియన్‌షిప్ అన్న మాట దగ్గర. అక్కడి నుంచే మొదలుపెడతాను.

బీరువాలోంచి ఆ కోర్టు ఆర్డరు తీసి, కూర్చుని పూర్తిగా చదవండి. డెలిగేట్ కావాలంటే ముందు ఓటరు అయి ఉండాలి. టెక్సస్ ఎన్నికల చట్టం ప్రకారం ఓటరు కావాలంటే 18 ఏళ్లు, అమెరికా పౌరసత్వంతో పాటు ఇంకో షరతు ఉంది. ఆ వ్యక్తి 'పూర్తిగా మానసిక అసమర్థులు' అని గానీ, 'పాక్షికంగా అసమర్థులు, ఓటు హక్కు లేదు' అని గానీ ప్రొబేట్ కోర్టు (గార్డియన్‌షిప్ కేసులు చూసే కోర్టు) తీర్పు ఇచ్చి ఉండకూడదు. మీరు తీసుకున్నది పూర్తి గార్డియన్‌షిప్ అయితే, మీ అమ్మాయి ఓటు హక్కు ఆ రోజే పోయింది. పాక్షికమైతే, ఓటు హక్కు ఆమెకే ఉంచుతున్నట్టు ఆర్డరులో రాసి ఉందో లేదో చూడాలి. 18 నిండగానే గార్డియన్‌షిప్ తీసుకోకపోతే డాక్టరు మీతో మాట్లాడడు, బ్యాంకు మాట్లాడదు అని భయపెడితే సంతకాలు పెట్టి, దాంతో ఓటు కూడా పోతుందని తెలియని తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు. ఆ ఒక్క వాక్యం అర్థమయ్యేలా చెప్పేవాళ్లు పక్కన లేకపోయారు, అంతే.

హక్కు పోయి ఉంటే తిరిగి తెచ్చుకునే దారి ఉంది. టెక్సస్‌లో గార్డియన్‌షిప్ కింద ఉన్న మనిషి, తన హక్కులు తనకు తిరిగి ఇవ్వమని కోర్టుకు మామూలు ఉత్తరం రాసినా చాలు. ట్యాబ్లెట్ మీద కంటితో టైపు చేసినా అది ఉత్తరమే. అది అందాక కోర్టు ఒక ఇన్వెస్టిగేటర్‌నో, ఆమె తరఫున చూడటానికి ఒక ప్రతినిధినో నియమించి, విషయం తేల్చుకోవాలి. ఆ ఉత్తరం కోర్టుకు చేరకుండా కావాలని అడ్డుపడటం కోర్టు ధిక్కారం కిందికి వస్తుంది. మీరు అడ్డుపడతారని కాదు, ఇంట్లో మిగతావాళ్లకు కూడా తెలియాలని రాస్తున్నాను. గార్డియన్‌షిప్ మొత్తం ఎత్తేయాలన్న నియమమూ లేదు, ఓటు హక్కు మేరకు మార్చమని అడగవచ్చు. ఇంకో మార్గం, 'సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్' ఒప్పందం. నిర్ణయం అమ్మాయిదే, అర్థం చేసుకోవడానికి మీరు సాయం చేస్తారు, అంతవరకే. దీన్ని 2015లో దేశంలో మొట్టమొదట చట్టం చేసింది మన టెక్ససే. ఏ దారైనా నెలలు పడుతుంది కాబట్టి 2028 వచ్చేదాకా ఆగకండి.

ఇక పార్టీ విషయం. ఏ పార్టీయో మీరు రాయలేదు, చెప్పనక్కర్లేదు కూడా. టెక్సస్‌లో పార్టీ పేరుతో ఓటరు నమోదు ఉండదు. మార్చిలో పార్టీ అభ్యర్థులను ఎంచుకోవడానికి జరిగే ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ తీసుకుంటే ఆ ఏడాదికి ఆ పార్టీ మనిషి అయినట్టు. ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరు నమోదు పూర్తి కావాలి. ఓటు వేసేటప్పుడు తనకు నచ్చిన మనిషి సాయం తీసుకునే హక్కు ఫెడరల్ ఓటింగ్ హక్కుల చట్టం 208వ సెక్షన్ ఇస్తుంది. ఆ మనిషి ఆమె యజమానో యూనియన్ ప్రతినిధో కాకూడదు, అంతే. తల్లి కావచ్చు. ఆ తర్వాత కౌంటీ లేదా సెనేట్ డిస్ట్రిక్ట్ కన్వెన్షన్, అక్కడి నుంచి స్టేట్ కన్వెన్షన్. నేషనల్ డెలిగేట్లను ఎన్నుకునేది స్టేట్ కన్వెన్షన్‌లోనే. 2024 వరకు నడిచిన పద్ధతిలో డెమొక్రాట్లు రాష్ట్ర సెనేట్ డిస్ట్రిక్టుల వారీగా, రిపబ్లికన్లు కాంగ్రెస్ డిస్ట్రిక్టుల వారీగా డిస్ట్రిక్ట్ డెలిగేట్లను ఎంచుకున్నారు.

డెమొక్రటిక్ పార్టీ నిబంధనల్లో వైకల్యం ఉన్నవాళ్ల పేరు స్పష్టంగా ఉంది. ప్రతి రాష్ట్ర శాఖ డెలిగేట్ల ఎంపిక ప్రణాళిక రాసి, అందులో వైకల్యం ఉన్నవాళ్లు ఎందరు ఉండాలో లక్ష్యం పెట్టుకోవాలి. అది కోటా కాదు, ఆ లక్ష్యం చూపించి సీటు కావాలని కేసు వేయలేం. కానీ డిస్ట్రిక్టుల్లో ఆ లెక్క తగ్గితే, చివర్లో నింపే 'ఎట్ లార్జ్' (రాష్ట్రం మొత్తానికి కలిపి ఉండే) సీట్లలో సరిచేయవచ్చు. అందుకే దరఖాస్తులో వైకల్యం గురించి అడిగే గడిని ఖాళీగా వదలొద్దు. మన పిల్లలు సిగ్గుపడి వదిలేస్తుంటారు. ఆసియన్ అన్న గడి కూడా అంతే. ఆ ప్రణాళిక ముసాయిదా మీద జనం అభిప్రాయాలు చెప్పడానికి 30 రోజులు ఇస్తారు. పోయిన కన్వెన్షన్ ముసాయిదాలు 2023లోనే వచ్చాయి కాబట్టి ఈసారి 2027 మీద కన్నేసి ఉంచండి. స్టేజీకి ర్యాంపు, ట్యాబ్లెట్‌తో మాట్లాడేవారికి ఎక్కువ సమయం, ఈ రెండూ ఆ ముసాయిదాలోనే రాయించమని మీ అమ్మాయి పేరుతో ఉత్తరం వెళ్లాలి. రిపబ్లికన్ పార్టీ వైపైతే 2028 కన్వెన్షన్ హ్యూస్టన్‌లోనే, ప్రయాణం కలిసివస్తుంది.

ఇప్పుడు ఆ మెట్లు. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో కొన్ని పదుల మంది వీల్‌చైర్లు, చంకకర్రలు కింద వదిలేసి కాపిటల్ భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. వాళ్లలో ఎనిమిదేళ్ల జెన్నిఫర్ కీలన్‌కు కూడా మీ అమ్మాయిలాగే సెరెబ్రల్ పాల్సీ. ఆ జులై 26న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్షను నిషేధించే ఏడీఏ చట్టం మీద సంతకం చేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మీరు ఆ మెట్ల కింద నుంచి తిరిగి వచ్చారంటే నాకు బాధగానే ఉంది. హాలు కౌంటీదో స్కూలు డిస్ట్రిక్టుదో అయితే ఏడీఏ రెండో భాగం, హోటలో ప్రైవేటు హాలో అయితే మూడో భాగం వర్తిస్తాయి. హాలు అద్దెకు తీసుకుని నడిపేవాళ్ల మీద కూడా వాళ్ల చేతిలో ఉన్నంత మేరకు బాధ్యత ఉంటుంది. అయితే మూడో భాగం కింద మీరు వేసే కేసులో కోర్టు 'సరిచేయండి' అని ఆదేశిస్తుంది, లాయరు ఖర్చులు ఇప్పిస్తుంది, నష్టపరిహారం మాత్రం ఇప్పించదు. పైగా తీర్పు వచ్చేసరికి కన్వెన్షన్ అయిపోతుంది. కాబట్టి కేసు కంటే ముందుగా రాసే ఉత్తరానికే బలం ఎక్కువ. ఆరు వారాల ముందు ఈమెయిల్‌లో ఏమేం కావాలో ఒక్కొక్కటిగా రాయండి: స్టేజీకి ర్యాంపు లేదా స్టేజీ కిందే మైకు, మాట్లాడేందుకు అదనపు సమయం, ట్యాబ్లెట్ చార్జింగుకు కరెంటు పాయింటు, మీకు పాసు. జవాబు రాకపోతే వారానికి మళ్లీ రాయండి. ఫోన్‌లో 'చూద్దాంలెండి' అంటే, 'మీరు ఇలా అన్నారు' అని అదే సాయంత్రం మెయిల్ పెట్టండి.

మీరు పక్కన ఉండే విషయం కూడా ఇందులోనే తేలుతుంది. తినిపించే మనిషిని, బాత్రూమ్‌కు తీసుకెళ్లే మనిషిని నిర్వాహకులే ఏర్పాటు చేయాలని చట్టం చెప్పదు. ఆ మనిషిని మీరే తెచ్చుకుంటే, లోపలికి రానివ్వడానికి నియమం కాస్త సడలించమని అడిగే హక్కు ఉంది. నేషనల్ కన్వెన్షన్‌లో సీక్రెట్ సర్వీస్ భద్రత ఉంటుంది, పాసు లేకుండా గుమ్మం దాటనివ్వరు. అందుకని మీ అమ్మాయి ఎన్నికైన మర్నాడే మీకు సహాయకురాలి పాసు కావాలని స్టేట్ డెలిగేషన్‌కు రాయండి. ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. లోపల డెలిగేట్ ఆమె, మీరు సహాయకురాలు. ఎవరైనా మీ వైపు తిరిగి 'తను ఏమంటోంది?' అని అడిగితే ట్యాబ్లెట్ వైపు చూపించండి. మీ ఉత్తరంలో 'తీసుకెళ్తే' అని ఉంది. ఇకపై వెళ్లేది తను, మీరు తోడు.

డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. డెలిగేట్‌గా ఎన్నిక కావడానికి ఎవరైనా ఇచ్చే డబ్బు, ఫెడరల్ ఎన్నికల సంఘం నిబంధనల కిందికి వస్తుంది. విదేశీయుల సొమ్ము అందులో ఒక్క డాలరు కూడా ఉండకూడదు. విజయవాడ అమ్మమ్మ, తాతయ్య ఇవ్వకూడదు. హెచ్-1బి మీద ఉన్న మీ మరిదీ చట్టం దృష్టిలో విదేశీయుడే. గ్రీన్‌కార్డు ఉన్న మీరు ఇవ్వవచ్చు. కంపెనీల డబ్బు, మన దేశీ స్టోర్ వాళ్ల కార్పొరేషన్ చెక్కుతో సహా, వద్దు. ఎన్నికయ్యాక ప్రయాణ ఖర్చులకైనా ఇదే గీత పాటించండి. మీ మరిది జీతం లేకుండా తన సమయం ఇవ్వవచ్చు, ఫ్లయర్లు పంచవచ్చు, కుర్చీ వ్యానులోకి ఎక్కించవచ్చు. అమ్మమ్మకు ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి. మనవరాలికి వేరే ఏ అవసరానికైనా ప్రేమతో ఇవ్వవచ్చు, ఈ పనికోసం అని మాత్రం కాదు.

రెండో చిక్కు ఎస్ఎస్ఐ. ఆమె పేరు మీద ఉన్న సొమ్ము నెల మొదటి క్షణానికి 2,000 డాలర్లు దాటితే ఆ నెల ఎస్ఎస్ఐ పోతుంది, టెక్సస్‌లో దాన్ని పట్టుకుని వచ్చే మెడికెయిడ్‌కూ చిక్కే. ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెట్టి ఆమె బ్యాంకు ఖాతాలోకి మూడు వేలు తెప్పించుకున్నారనుకోండి, ఆమెను చూసుకునే నర్సు గంటలే ఆగిపోవచ్చు. దానికి విరుగుడు ఏబుల్ ఖాతా, అంటే వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా. టెక్సస్‌లో ఉంది, పుట్టుకతో వచ్చిన వైకల్యం కాబట్టి ఆమెకు అర్హత ఉంటుంది. అందులో ఇతరులు వేసే డబ్బును ఆమె ఆదాయంగా లెక్కించరు, లక్ష డాలర్ల వరకు ఆస్తిగానూ చూడరు. ప్రయాణం, సహాయకుల ఖర్చులు అందులోంచి పెట్టుకోవచ్చు. విదేశీ సొమ్ము నియమం ఈ ఖాతాకు వచ్చినా మారదు. దేశంలో తిరగడానికి ఎవరైనా విమాన టికెట్టు కొనిస్తే, దాన్ని నగదుగా మార్చుకోనంత వరకు ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు. అందుకే చేతికి డబ్బు ఇవ్వడం కంటే మీరే టికెట్టు కొనడం మేలు.

విమానం ఎక్కే ముందు కుర్చీని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి. దేశీయ విమానాల్లో అది విరిగితే కొన్న ధర వరకు ఎయిర్‌లైన్ కట్టాలి, మామూలు సామాను మీద ఉండే పరిమితి దీనికి లేదు. డెలిగేషన్‌కు కేటాయించే హోటల్లో వీల్‌చైర్ గది కావాలని పేరు రాయించుకునేటప్పుడే అడిగి, ఆ గదినే మీ పేరుకు కట్టేసినట్టు రాతలో తీసుకోండి.

ముందు ఆ ఆర్డరు కాపీ నాకు పంపండి. ఓటు హక్కు గురించి రాసిన పేజీ చాలు. దానితో పాటు మీ అమ్మాయి తన మాటల్లో, తనే టైపు చేసి, ఎందుకు డెలిగేట్ కావాలనుకుంటోందో నాలుగు వాక్యాలు పంపమనండి. కోర్టుకు రాసే ఉత్తరం వాటితోనే మొదలుపెడదాం.