అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగిపోతుందా?

ప్రశ్న: ఇల్లు కట్టిస్తానని ఒప్పందం రాసుకున్న కాంట్రాక్టరు మా దగ్గర 22 లక్షలు తీసుకుని, స్లాబు వేసి మాయమయ్యాడు. కోర్టు చుట్టూ తిరగ్గా 13 లక్షలు, దానిపై వడ్డీ ఇవ్వాలని మాకు డిక్రీ వచ్చింది. అతను అప్పీలు వేశాడు. అది తేలేదాకా పైసా ఇవ్వనంటున్నాడు. బైపాస్ పక్కన తనకున్న స్థలం బేరం పెట్టాడట. ఒక ప్లాటు భార్య పేర గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేశాడు. మేం పెట్టిన చీటింగ్ కేసు ఇంకా నడుస్తోంది. ఈలోగా అతని ఆస్తులు ఫ్రీజ్ చేయించే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, పై కోర్టు స్టే ఇచ్చిందా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఇవ్వకపోతే మీరు ఆగాల్సిన పనే లేదు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 స్పష్టంగా చెబుతోంది.

ఫ్రీజ్ అనగానే చాలామంది ఆర్డర్ 38 రూల్ 5 గురించి అడుగుతారు. అది తీర్పుకు ముందు జప్తు. అదేమీ తేలిగ్గా దొరకదు, అడగ్గానే యాంత్రికంగా ఇవ్వొద్దని రామన్ టెక్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకా తిప్పలు అక్కర్లేదు, చేతిలో డిక్రీయే ఉంది.

డిక్రీ ఇచ్చిన కోర్టులో ఈపీ (డిక్రీ అమలు చేయమని కోరే పిటిషన్) వేసి, ఆ స్థలాన్ని ఆర్డర్ 21 రూల్ 54 కింద జప్తు చేయమని అడగండి. ముందు ఈసీ (ఆస్తి మీదున్న లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్) తీయించండి. బ్యాంకు తనఖా ఉంటే దాని తర్వాతే మీ వంతు. ఈపీలోని ఆస్తి షెడ్యూల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు సరిగ్గా ఉండాలి. లేకపోతే కోర్టు అమీనా (జప్తు నోటీసు అంటించే ఉద్యోగి) పక్కవాళ్ల గోడకు నోటీసు అంటించి వస్తాడు, అదో కొత్త తగాదా. ఉత్తర్వు కాపీ సబ్ రిజిస్ట్రారుకు చేరేదాకా మీరే వెంటపడాలి, ఎవరూ గుర్తుపెట్టుకుని పంపరు. జప్తయ్యాక అతను అమ్మినా, అదే కోడ్ సెక్షన్ 64 ప్రకారం ఆ అమ్మకం మీ డిక్రీ ముందు చెల్లదు. కానీ జప్తుకు ముందే రిజిస్టరైన అగ్రిమెంటు ఉంటే కొన్నవాళ్లకు రక్షణ ఉంటుంది. బేరం నడుస్తోందంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి.

ఈపీ నోటీసు అందగానే అతను స్టే కోసం పరిగెత్తుతాడు. పరిగెత్తనివ్వండి. డబ్బు డిక్రీ మీద స్టే కావాలంటే డబ్బు జమ చేయమనో, సెక్యూరిటీ చూపమనో పై కోర్టు అడుగుతుంది. సగం కట్టమనడం మామూలుగా చూస్తుంటాం. మీ వెనకాల స్టే తెచ్చుకోకుండా కేవియట్ (మీకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టే అర్జీ) వేయించండి, అది 90 రోజులే పనిచేస్తుంది. స్టే పిటిషన్‌కు మీరు వేసే కౌంటర్లో (జవాబులో) స్థలం బేరం గురించి రాసి, గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ జతచేయండి. స్టే ఇచ్చేట్టయితే అప్పీలు తేలేదాకా ఆస్తులు అమ్మకూడదన్న షరతు పెట్టమని అడగండి. మీరు కోరుకున్న ఫ్రీజ్ నిజానికి ఇదే.

ఇంకొకటి. కాంట్రాక్టర్లకు ఎక్కడో ఒకచోట బిల్లులు రావాల్సి ఉంటాయి. మున్సిపాలిటీయో, ఇంకో యజమానో అతనికి బాకీ ఉంటే ఆ డబ్బు నేరుగా కోర్టులో కట్టేలా ఆర్డర్ 21 రూల్ 46ఏ కింద అడగవచ్చు. నా లెక్కలో స్థలం వేలం కన్నా ఇదే త్వరగా డబ్బు తెస్తుంది.

భార్య పేర గిఫ్ట్ సంగతి కాస్త పెద్ద పని. బాకీదారులకు దక్కకుండా చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 కింద సవాలు చేయవచ్చు. మీరు దావా వేశాక ఆ గిఫ్ట్ చేసి ఉంటే మీ వాదనకు బలం. కానీ దానికి టైము పడుతుంది కాబట్టి ముందు బైపాస్ స్థలం పని చూడండి.

చీటింగ్ కేసు ఉంది కదా, పోలీసులే స్థలం సీజ్ చేస్తారని ఎదురుచూడకండి. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 102 కింద స్థిరాస్తిని పోలీసులు సీజ్ చేయలేరని నెవాడా ప్రాపర్టీస్ కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ డబ్బు వెళ్లిన బ్యాంకు ఖాతా ఆపించడం వరకు దర్యాప్తు అధికారిని అడగొచ్చు. ఆ బదిలీల స్టేట్‌మెంట్ తీసుకుని వెళ్లండి.