భరోసా డబ్బులో కౌలు రైతుకు వాటా ఇవ్వాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. నేను వనస్థలిపురంలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను, ఇన్‌కమ్ ట్యాక్స్ కడతాను. ఊళ్లో నాలుగెకరాల పట్టా నాన్న పేరు మీద ఉంది. ఆయన ఈమధ్యే 57వ ఏట పోయారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. పొలం కౌలుకిచ్చాం. రైతు భరోసా, పీఎం కిసాన్ డబ్బులు ఇప్పటికీ నాన్న ఖాతాలోనే పడుతున్నాయి, ఏటీఎం కార్డు మా దగ్గరుంది. ‘భరోసాల సగం నాకియ్యి బిడ్డా’ అని కౌలుదారు అడుగుతున్నాడు. ఇవ్వాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడగని సంగతి ముందు చెబుతాను, పెద్ద మొత్తం అందులోనే ఉంది. 57 ఏళ్లంటే నాన్నగారు రైతు బీమా వయసులోనే పోయారు. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుల తరఫున ప్రభుత్వమే ఎల్ఐసీకి ప్రీమియం కట్టే పథకం అది. 2018 ఆగస్టులో మొదలైంది. ఆయన పేరు నమోదై ఉంటే, చావుకు కారణం ఏదైనా సరే, నామినీకి 5 లక్షలు వస్తాయి. మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డులు, పాస్‌బుక్, నామినీ బ్యాంకు పుస్తకం పట్టుకుని వెంటనే మీ ఊరి ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. ఊళ్లోనే ఉంటే ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. సిటీకి వచ్చేసినవాళ్లకు ఎవరు చెబుతారు?

ఇక ఆ ఏటీఎం కార్డు పక్కన పెట్టేయండి. పోయినవారి పేరు మీద పడ్డ కిసాన్ వాయిదాను తిరిగి కట్టమనవచ్చు. బ్యాంకుకు సమాచారమిచ్చి విరాసత్ పని, అంటే పట్టాను వారసుల పేరు మీదికి మార్పించే పని మొదలుపెట్టండి. పట్టా అమ్మగారి పేరు మీదికి మారితే మేలు. కిసాన్ డబ్బు, ఏడాదికి 6,000, ట్యాక్స్ కట్టేవారికి ఇవ్వరు. కాబట్టి మీకు రాదు. అమ్మగారికి ఆ అడ్డంకి లేదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేతులు మారిన భూములకు ఇవ్వరు గానీ, వారసత్వంగా వచ్చినవాటికి మినహాయింపు ఉంది. అన్నట్టు, అక్కచెల్లెళ్ల మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉంటే వాళ్లకూ సమాన హక్కే. వాళ్లతో మాట్లాడకుండా తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కకండి.

కౌలు సంగతికొద్దాం. పంట పెట్టుబడికి రాష్ట్ర ప్రభుత్వమిచ్చే సాయం 2018 మేలో రైతు బంధు పేరుతో, ఎకరాకు సీజనుకు 4,000తో మొదలైంది. తర్వాత 5,000 అయింది. 2025 జనవరిలో రైతు భరోసాగా మారి 6,000 అయింది. కౌలు రైతులకూ ఇస్తామని 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ హామీ ఇచ్చింది. 2025లో పైసలు పడ్డది మాత్రం మళ్లీ పాస్‌బుక్ ఉన్నవాళ్ల ఖాతాల్లోనే. రూలు ప్రకారం మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు.

నన్నడిగితే ఇవ్వాల్సిందే. ఆ డబ్బు పుట్టిందే విత్తనానికీ ఎరువుకూ. అవి కొంటున్నది ఆయన. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు చెప్పులు, పాస్‌బుక్కులు క్యూలో పెట్టి కూర్చున్నారు. మనం ఆ వీడియోలు సిటీలో ఫోన్లలో చూశాం. వాన ముఖం చాటేస్తే నష్టం ఆయనది, మీ కౌలు మీకు వస్తుంది.

అయితే చేతికివ్వకండి, కౌలులో తగ్గించండి. నాలుగెకరాలకు సీజనుకు 24,000, అందులో సగం 12,000. చేతికిచ్చే పద్ధతైతే మీ ఖాతాలో ఎప్పుడు పడితే అప్పుడే ఆయనకు. సర్కారు ఆలస్యం చేస్తే నాట్లప్పుడు వడ్డీకి తెచ్చుకోవాలి. కౌలు తగ్గిస్తే ఆయనకు ముందే నికరం, మీకూ రోజూ ఫోన్ల టెన్షన్ ఉండదు. ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడే ఇది తేల్చేసి కాగితం రాసుకోండి.

కాగితం రాస్తే భూమి పోతుందని మీకు చాలామంది చెబుతారు. వ్యవసాయ శాఖలో ఉన్నన్నాళ్లూ నేనూ విన్న మాటే. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే 2011 చట్టమైతే, ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా చెప్పింది. ఇంకా అనుమానముంటే కాగితం రాసేముందు వకీలుకు చూపించుకోండి, అంతేగానీ నోటిమాటతో వదిలేయకండి.

ఇంకొకటి, అమ్మగారి ఫోన్ నంబరు ఆధార్‌కు లింకై ఉందో లేదో ఈ వారమే చూడండి. ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) కాకపోతే కిసాన్ వాయిదా ఆగిపోతుంది.