కాళ్లు పీకి నిద్ర పట్టనప్పుడు: మెగ్నీషియం కంటే ముందు ఫెర్రిటిన్ పరీక్ష

మీ అమ్మగారికి 52 ఏళ్లనీ, పడుకోగానే కాళ్లు పీకుతున్నాయంటూ లేచి హాల్లో తిరుగుతున్నారనీ, మెగ్నీషియం, బీ కాంప్లెక్స్ మాత్రలు వాడమని బంధువులు చెబుతున్నారనీ రాశారు. వాటితో ఎవరికైనా నిజంగా తగ్గిందా అని అడిగారు. నాకు తగ్గింది, కానీ ఆ రెండింటితో కాదు, ఇనుముతో తగ్గింది. అది కూడా నా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటాయని ఫెర్రిటిన్ అనే రక్తపరీక్షలో తేలిన తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితేనే తగ్గింది.

నాకిప్పుడు 47 ఏళ్లు, హబ్సిగూడలో ఉంటాను. రాత్రి తొమ్మిది దాటి మంచమెక్కితే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, ఎవరో నరాలను లోపలినుంచి లాగుతున్నట్టు ఉండేది. కాలు కదిపితే తప్ప ప్రాణం కుదుటపడేది కాదు. లేచి నాలుగడుగులు వేస్తే పోయి, మళ్లీ పడుకున్న పది నిమిషాలకు తిరిగొచ్చేది. రాత్రి బస్సులో రాజమండ్రి వెళ్లాల్సి వస్తే సీటులో కూర్చోలేక, అందరూ నిద్రపోతుంటే నేను సీట్ల మధ్య దారిలో నిలబడి ఉండేదాన్ని. తెల్లవారుజామున నాలుగు తర్వాతే కునుకు పట్టేది. విశ్రాంతిగా ఉన్నప్పుడే రావడం, కదిలితే తగ్గడం, సాయంత్రం నుంచి ముదరడం, కాళ్లు కదపాలనే ఆపుకోలేని తపన: ఇవన్నీ కలిస్తేనే దాన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. పిక్క పట్టేసి గట్టిపడి నొప్పి పుట్టడం వేరు, రోజంతా అరికాళ్లు మండటం వేరు. మీ అమ్మగారిది వీటిలో ఏదో ముందుగా ఆమెనే నిదానంగా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే మందు దాన్ని బట్టే మారుతుంది.

రెండేళ్లపాటు నేను మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలే మింగాను. నేను చూపించుకున్న మొదటి డాక్టరు హిమోగ్లోబిన్ 12.1 ఉందని చూసి, రక్తహీనత లేదు, ఇదంతా ఆందోళన వల్లనే అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, అంతకంటే ఎక్కువగా కాలాన్ని వృథా చేసింది. తర్వాత ఒక న్యూరాలజిస్టు ఫెర్రిటిన్ పరీక్ష రాశారు. ఫలితం 16 వచ్చింది. ల్యాబు కాగితం మీద కనిష్ఠ హద్దు 10 అని ఉండటంతో పక్కన సాధారణం అనే ముద్ర కూడా ఉంది. ఈ జబ్బు విషయంలో ఆ ముద్రను నమ్మకూడదని నాకు ఆ రోజే తెలిసింది. పెద్దవాళ్లలో ఈ లక్షణాలు ఉండి ఫెర్రిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంతవరకు ఇనుముతో నిండి ఉందో చెప్పే లెక్క) 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వాలని నిద్ర వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే హిమోగ్లోబిన్ బాగానే ఉన్నవారికి కూడా ఇనుము అవసరం కావచ్చు.

కారణం మెదడులో ఉంది. కదలికలను అదుపు చేసే డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని తయారు చేసే ఎంజైము పనిచేయాలంటే ఇనుము కావాలి. రక్తంలో సరిపడా ఉన్నా మెదడుకు తక్కువగా అందే మనుషులు ఈ జబ్బున్నవారిలో చాలామంది ఉంటారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ 1945లో ఈ జబ్బును వివరంగా రాస్తే, అదే దేశంలో నార్డ్‌లాండర్ 1953 నాటికే దీనికి ఇనుమును సూది ద్వారా ఇచ్చి చూశారు.

నాకు 100 మిల్లీగ్రాముల ఇనుము ఉండే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రను రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక మోతాదు వేసుకున్నాక శరీరంలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి మరుసటి రోజు ఇనుమును సరిగా పీల్చుకోనివ్వదు, అందుకే ఆ విరామం. పరగడుపున నిమ్మరసంతో వేసుకునేదాన్ని. అంతకుముందు నేను చేసిన పెద్ద పొరపాటు టీ దగ్గర జరిగింది. పొద్దున లేవగానే ఒకటి, టిఫిన్‌తో ఒకటి, భోజనం కాగానే ఒకటి తాగే అలవాటున్న మనిషిని. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. మా ఇంటికి దగ్గర్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగవద్దని స్పష్టంగా ఉంది. కాల్షియం మాత్రను కూడా ఇనుముతో కలిపి వేసుకోకూడదు. నేను దాన్ని రాత్రి భోజనానికి మార్చుకున్నాను. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవారికి కూడా ఇనుము సరిగా ఒంటబట్టదు. తోటకూర, గోంగూర, మునగాకు తినడం మంచిదే, నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది. కానీ అడుగంటిన నిల్వలను అవి మాత్రమే నింపలేవు.

ఫలితం వెంటనే కనిపించదని మీ అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే నెలకే మానేస్తారు. నాకు మొదటి ఆరు వారాలు మలబద్ధకం, నల్లటి విరేచనం తప్ప మరేమీ తెలియలేదు. మూడో నెల చివర ఫెర్రిటిన్ 41 అయింది, వారంలో రెండు మూడు రాత్రులు ప్రశాంతంగా గడిచాయి. ఎనిమిదో నెలలో 83కు చేరేసరికి నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే లేవవలసి వచ్చేది. మాత్రలు పడనివారికి, వాటితో నిల్వలు పెరగనివారికి ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించే పద్ధతి కూడా ఉంది.

ఇక మిగతా మాత్రల సంగతి. మెగ్నీషియం ఈ జబ్బుకు పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. నాకు విరేచనం సులభమైంది గానీ కాళ్లలో మార్పు రాలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో అది ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తుంది. విటమిన్ డి నాకు తక్కువగా ఉండి, వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు వాడాను, ఒళ్లు నొప్పులు తగ్గాయి, రాత్రి తిరుగుడు తగ్గలేదు. బీ12 మాత్రం పరీక్ష చేయించదగినదే. మాంసాహారం తినకపోయినా, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా అది తగ్గవచ్చు, తగ్గితే కాళ్లలో తిమ్మిర్లు వస్తాయి. అయితే నరాల బలానికని అమ్మే మాత్రల్లో బీ6 ఎక్కువ మోతాదులో ఉంటే, నెలల తరబడి వాడినప్పుడు అదే నరాలను దెబ్బతీస్తుంది. మీ ఇంట్లో ఉన్న డబ్బా మీద అది ఎంత ఉందో చదవండి.

జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, నిద్రకనీ నొప్పులకనీ రాసే అమిట్రిప్టిలిన్ ఈ బాధను పెంచగలవు. వానాకాలంలో జలుబు చేసిన రాత్రులు నాకు నరకంగా ఎందుకుండేవో ఈ సంగతి తెలిశాకే అర్థమైంది. ఆమె వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపవద్దు.

ఫెర్రిటిన్ చూడకుండా ఇనుము మొదలుపెట్టవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. తలసీమియా అనే వంశపారంపర్య రక్త లోపాన్ని జన్యువులో మోస్తున్నవారిలో, ఇనుము ఒంట్లో పేరుకునే జబ్బున్నవారిలో అది హాని చేయవచ్చు. పరీక్షను ఉదయం పూట, జ్వరం గానీ ఇన్ఫెక్షన్ గానీ లేని రోజున చేయించండి, ఎందుకంటే అవి ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇప్పటికే ఇనుము వాడుతుంటే కనీసం ఒక రోజు ముందు ఆపి వెళ్లాలి. ఐరన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, కిడ్నీల కోసం క్రియాటినిన్ కూడా అదే రక్తంతో చూడమనండి.

నా విషయంలో ఇనుము తగ్గడానికి గర్భాశయంలోని గడ్డల వల్ల నెలనెలా అయ్యే అధిక రక్తస్రావమే కారణమని తేలింది, దానికి వేరుగా చికిత్స చేయించుకున్నాను. మీ అమ్మగారికి నెలసరి ఆగిపోయి ఉండి కూడా ఫెర్రిటిన్ తక్కువగా వస్తే, మాత్రలు రాయించుకుని ఊరుకోకండి. కడుపులోగానీ పేగుల్లోగానీ రక్తం పోతోందేమో చూడమని డాక్టరును అడగండి.