చదువు – సందేహం: దగ్గరి కాలేజీలో మెకానికల్

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా. ఇంటి నుంచి వెళ్లి రావచ్చని దగ్గరలోని ప్రైవేటు కళాశాలలో మెకానికల్ బ్రాంచి తీసుకున్నాను. ఇప్పుడు రెండో సంవత్సరం. మా తరగతిలో ఉన్నదే కొద్దిమంది. వారిలోనూ చాలామంది పాలిటెక్నిక్ చదివి ఈసెట్ ద్వారా వచ్చినవారు. థర్మోడైనమిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ కొరుకుడు పడటం లేదు. సబ్జెక్టులు ఎలాగోలా గట్టెక్కితే చాలనీ, ఏదైనా డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకొమ్మనీ సీనియర్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి

జవాబు: సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మంచిదే కానీ, మీ సీనియర్లు చెప్పిన వరుస తలకిందులుగా ఉంది. యంత్ర భాగం బరువును ఎంత తట్టుకుంటుందో లెక్కగట్టే ఆన్సిస్ వంటి ప్యాకేజీలో ఒక భాగాన్ని గీసి, ఎక్కడ బిగించామో, ఎక్కడ బరువు పెట్టామో తప్పుగా చెప్పినా అది చాలాసార్లు అభ్యంతరం చెప్పకుండా రంగురంగుల బొమ్మతో జవాబు ఇచ్చేస్తుంది. ఆ జవాబు నమ్మదగినదో కాదో పట్టుకోగలిగేది కాగితం మీద ఉజ్జాయింపుగా లెక్క వేయగలిగిన మనిషి మాత్రమే. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న దూలాన్ని 100 మిల్లీమీటర్ల వైపు నిలువుగా ఉండేలా పెట్టినప్పుడు, అదే బరువుకు అది వంగేది అడ్డంగా పరిచినప్పటి వంపులో నాలుగో వంతే. దూలాన్ని నిలబెట్టి వేయాలని మన వడ్రంగులకు ఎప్పటినుంచో తెలుసు. ఎంత తేడా వస్తుందో, ఎందుకు వస్తుందో చెప్పేది స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. ఎత్తు ఘనంతో గట్టిదనం పెరుగుతుందన్న ఈ ఒక్క సంగతి చేతికి పట్టుబడితే మెషిన్ డిజైన్‌లో సగం భయం పోతుంది. కాబట్టి దూలంలో ఎక్కడ ఎంత కోత బలం, ఎంత వంపు బలం పడుతుందో చూపే షియర్ ఫోర్స్, బెండింగ్ మొమెంట్ పటాలను గైడు చూసి ఎక్కించుకోకుండా, ప్రతి లెక్కనూ ఖాళీ కాగితం మీద మీరే మొదలుపెట్టి పూర్తి చేయండి.

థర్మోడైనమిక్స్ విషయంలో మీ జిల్లా విద్యార్థులకు ఉన్న వెసులుబాటు చాలామందికి లేదు. పరవాడలో ఎన్‌టీపీసీ వారి సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. నాలుగు యూనిట్లలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున మొత్తం 2000 మెగావాట్ల సామర్థ్యం. నీటిని ఆవిరి చేసి, దానితో టర్బైన్ తిప్పి, మళ్లీ నీరుగా మార్చే ర్యాంకిన్ సైకిల్ పుస్తకంలో నాలుగు గీతలుగా కనిపిస్తుంది. అదే అక్కడ బాయిలర్, టర్బైన్, కండెన్సర్, ఫీడ్ పంపులుగా పనిచేస్తోంది. టర్బైన్ నుంచి వచ్చిన ఆవిరిని గాలిలోకి వదిలేయకుండా కండెన్సర్‌లో ఎందుకు చల్లబరుస్తారన్న ప్రశ్నకు, నీటిని తిరిగి వాడుకోవడానికి అని మాత్రమే రాసి ఊరుకునే విద్యార్థులే ఎక్కువ. అసలు లాభం వేరే ఉంది: కండెన్సర్‌లో పీడనం వాతావరణ పీడనం కంటే బాగా తక్కువగా ఉండటం వల్ల ఆవిరి మరింత వ్యాకోచించి, టర్బైన్ నుంచి అదనపు పని వస్తుంది. ఆవిరి గుణాల పట్టికలైన స్టీమ్ టేబుల్స్ ముందు పెట్టుకొని, ఒకసారి వాతావరణ పీడనం దగ్గర, ఇంకోసారి అందులో దాదాపు పదో వంతైన 0.1 బార్ దగ్గర లెక్క వేసి తేడా మీరే చూడండి. కళాశాల తరఫున పారిశ్రామిక సందర్శనకు అనుమతి అడగమని మీ విభాగాధిపతిని కోరండి. వెళ్లే ముందు ఈ లెక్క పూర్తయి ఉంటే అక్కడి ఇంజినీర్లను ఏం అడగాలో తెలుస్తుంది. సెల్ఫీలు దిగి వచ్చే సందర్శనల వల్ల ఒరిగేదేమీ లేదు.

తరగతి చిన్నదని చిన్నబుచ్చుకోకండి. లేత్ మీద ఒకరు పనిచేస్తుంటే పదిహేనుమంది చుట్టూ నిలబడి చూసే అవస్థ మీకు తప్పింది. పాలిటెక్నిక్ నుంచి వచ్చిన మిత్రులకు డ్రాయింగూ వర్క్‌షాపూ బాగా వచ్చి ఉంటాయి, గణితంలో మాత్రం ఇంటర్ చదివిన మీరు కొంత ముందుండవచ్చు. కలిసి చదివితే ఇద్దరికీ మేలు. పాఠం అర్థం కానప్పుడు ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పీటీఈఎల్ ఉపన్యాసాలు ఉచితంగా దొరుకుతాయి.

ఇక ఉద్యోగాలు. మెకానికల్ రంగంలో తొలి జీతం సాధారణంగా సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే, అది దాచి లాభం లేదు. అయితే ఎంటెక్ ప్రవేశాలకూ, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకూ పనికివచ్చే గేట్ పరీక్షలో 100 మార్కులకు 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి, 13 గణితానివి. మిగిలిన 72 మీరు ఇప్పుడు కుస్తీ పడుతున్న వాటితో సహా మెకానికల్ సబ్జెక్టులవే. మూడో సంవత్సరంలోనే ఆ పరీక్ష రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గట్టెక్కితే చాలనుకున్నవారికి ఆ 72 మార్కులు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన భారమవుతాయి.

ప్రశ్న: మా అబ్బాయికి కన్వీనర్ కోటాలో మా ఊరి కళాశాలలోనే మెకానికల్ సీటు వచ్చింది. అప్పుచేసి దూరాన మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ చదివించమని బంధువులు అంటున్నారు.
– ఒక తండ్రి, తణుకు

జవాబు: ముందు అబ్బాయిని అడగండి, మీ ఉత్తరంలో అతని మాట ఒక్కటీ లేదు. యంత్రాలంటే ఇష్టమున్నవాడైతే అప్పు అక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుందన్నది గుర్తుంచుకోండి. కళాశాల గోడ మీద, విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చిన గ్రేడు చూసి తృప్తిపడవద్దు, అది మొత్తం సంస్థకు ఇచ్చేది. మెకానికల్ బ్రాంచికి విడిగా, ఒక్కో కోర్సును పరిశీలించే ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో అడగండి. పనిదినాన వర్క్‌షాపుకు వెళ్లి, యంత్రాల్లో ఎన్ని నడుస్తున్నాయో, ఎన్ని గుడ్డ కప్పుకొని ఉన్నాయో మీరే చూసి రండి.