స్కాన్‌లో ‘బైరాడ్స్ 4బి’ అని వచ్చింది.. క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 33. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. పాపకు రెండున్నరేళ్లు, పాలు మాన్పించి ఏడాదైంది. ఎడమ రొమ్ములో నొప్పితో గడ్డ ఉంది. అల్ట్రాసౌండ్‌లో 3 సెంటీమీటర్ల గడ్డ, అంచులు సరిగా లేవు, చంకలో బిళ్లలు ఉన్నాయి, బైరాడ్స్ 4బి అని రాశారు. ఇంట్లోవాళ్లు వెంటనే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. ఏం చేయాలి?
- ఓ సోదరి

జవాబు: స్కాన్‌లో కనిపించినదాన్ని బట్టి క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే గ్రేడునే బైరాడ్స్ అంటారు. అందులో 4బి అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 10 నుంచి 50 శాతం లోపు అని. బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, తప్పనిసరి. ఆపరేషన్ మాట ఆ తర్వాతే.

మీ వయసు, కాన్పయిన కాలం చూస్తే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే, క్యాన్సర్ కాని వాపునూ అనుమానించాలి. ఇందులోనూ గడ్డ అంచులు చెదిరి ఉంటాయి, చనుమొన లోపలికి లాక్కుపోతుంది, చంకలో బిళ్లలు కడతాయి. రొమ్ము టీబీ కూడా ఇలాగే కనిపిస్తుంది. దెబ్బ తగిలి కొవ్వు గట్టిపడినా స్కాన్ క్యాన్సర్‌లా భయపెడుతుంది. అలాగని, నొప్పి ఉంది కదా క్యాన్సర్ కాదులే అనుకోవద్దు.

సన్నసూది పరీక్షతో సరిపెట్టకండి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కోర్ బయాప్సీ చేయించండి. మత్తు సూది ఇచ్చి, సాధారణంగా 14 గేజ్ (కాస్త లావుపాటి) సూదితో నాలుగైదు ముక్కలు తీస్తారు. అనుమానం ఉంటే చంకలోని బిళ్లకూ సూది వేస్తారు. తరచూ పొరపాటు జరిగేది ఇక్కడే: ముక్కలన్నీ ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవంలో) వేసేస్తారు. ఫార్మలిన్‌లో టీబీ క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కుదరదు. ఒకటి రెండు ముక్కలు సెలైన్‌లో వేసి జీన్‌ఎక్స్‌పర్ట్‌కూ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష), కల్చర్‌కూ పంపమని ముందే అడగండి. లేదంటే మళ్లీ పొడిపించుకోవాలి.

రిపోర్టులో ‘క్యాన్సర్ కణాలు లేవు’ అని ఉంటే చాలదు, గడ్డ ఎందుకు వచ్చిందో కూడా తేలాలి. గ్రాన్యులోమాలు (మాస్టైటిస్‌లో, టీబీలో కనిపించే వాపు కణాల గుంపులు) కనిపిస్తే స్కాన్‌కూ రిపోర్టుకూ పొంతన కుదిరినట్టే. ‘మామూలు కణజాలం’ అని వస్తే మాత్రం సూది గడ్డలో పడలేదేమోనని అనుమానించి, బయాప్సీ మళ్లీ చేయాలి.

మాస్టైటిస్ అని తేలితే తొందరపడి కోయించుకోవద్దు. కోసినచోట మానక, చీము కారే రంధ్రాలు పడుతుంటాయి. కొందరికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, తగ్గనివారికి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తాం. టీబీ కాదని తేలకముందే స్టెరాయిడ్ వేసుకుంటే, ఉన్న టీబీ ముదురుతుంది. టీబీయే అయితే కనీసం ఆరు నెలల మందులు, పూర్తి కోర్సు వాడాలి.

సొంతూరి డాక్టరుకు చూపించుకోవాలనుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు (ముక్కలను మైనంలో పొదిగి దాచిన దిమ్మలు) ల్యాబ్‌లో అడిగి తీసుకోండి, స్కాన్ సీడీ కూడా.