బెంగళూరులో కారు వెనక సీటువారికి కూడా సీటు బెల్టు తప్పనిసరా? మరి ఎవరూ పెట్టుకోరేం?

తప్పనిసరే, ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లలో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతోంది, అయితే పట్టుబడతామన్న భయం గానీ, గుర్తుచేసే ఏర్పాటు గానీ వెనక సీటు దాకా సరిగా చేరకపోవడంతో చాలామంది దాన్ని పట్టించుకోరు. కూడలిలోని పోలీసుకు, కెమెరాకు స్పష్టంగా కనిపించేది ముందువారే. 2019 జులై తర్వాత తయారైన కార్లలో బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరిక మొదట్లో ముందు సీట్లకే తప్పనిసరి అయింది. హెల్మెట్ సంగతీ ఇంతే: జరిమానాకు జడిసి తలమీద పెట్టుకున్నవారిలో కొందరు గడ్డం కింద పట్టీ మాత్రం బిగించరు, ఎందుకంటే అది దూరానికి కనబడదు.

ఉదాహరణకు, మారతహళ్ళిలో క్యాబు ఎక్కి విమానాశ్రయానికి వెళ్ళే కుటుంబాన్ని తీసుకోండి. బెల్టు లాగితే వస్తుంది, కానీ దాన్ని గుచ్చవలసిన బకిల్ సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటుంది. రెండుసార్లు వేళ్ళతో వెతికి వదిలేస్తారు, తీరా హెబ్బాళ దాటాక బండి వేగం అందుకుంటుంది. ఇది నిర్లక్ష్యం కన్నా అసౌకర్యమనే చెప్పాలి.

ముందు సీటే అడ్డుగా ఉండి కాపాడుతుందన్నది అందరిలో ఉన్న అపోహ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, బెల్టు లేని మనిషి అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. అది దాదాపు 10 మీటర్ల ఎత్తునుంచి పడి నేలను తాకే వేగంతో సమానం, పైగా ఆ బరువంతా ముందు కూర్చున్నవారి మీద పడుతుంది.